మూడో పేరా మనదే

పరీక్ష కాగితాల్లో ఈమధ్య ఒక కొత్త రకం ప్రశ్న కనబడుతోంది. ఒకే విషయం మీద ఇద్దరు రాసిన రెండు పేరాలు ఇస్తారు. కింద ప్రశ్నలుంటాయి. మొదటి రచయిత అభిప్రాయం ఏమిటి? రెండో రచయిత ఎక్కడ విభేదిస్తున్నాడు? ఇద్దరూ ఒప్పుకునే విషయం ఏది? నాలుగు జవాబుల్లో ఒకదాన్ని గుర్తించాలి. ఇవి సామర్థ్య ఆధారిత ప్రశ్నలని, పీసా తరహా ప్రశ్నలని శిక్షణల్లో మాకు చెబుతున్నారు. పిల్లల చేత బాగా సాధన చేయించమంటున్నారు.

ఈ ప్రశ్న చెడ్డదని మేం అనడం లేదు. నిజానికి అందరికంటే ఆదివాసీ పిల్లలకే ఇది ఎక్కువ అవసరం. మన బతుకంతా రెండు కాగితాల మధ్యే నలుగుతోంది. ఫారెస్టోళ్ల నోటీసు ఒకటి, గ్రామసభ తీర్మానం ఒకటి. కంపెనీ ఇచ్చిన నివేదిక ఒకటి, ఊరు పెట్టుకున్న అర్జీ ఒకటి. రెండూ పక్కపక్కన పెట్టి చదవడం రాకపోతే భూమి పోతుంది. అందుకే ఆ ప్రశ్న ఉండాలి. మేం అడిగేది వేరే. ఆ ఇద్దరు రచయితల్ని ఎంచింది ఎవరు? ఎవరి గురించి ఆ రెండు పేరాలూ రాశారో వాళ్లకు ఒక పేరా ఎందుకు లేదు?

ఎక్కడో మారుమూల తయారైన నాసిరకం పేపరును పట్టుకుని మాట్లాడితే అన్యాయం అవుతుంది. ప్రపంచమంతా మెచ్చుకున్న నమూనానే తీసుకుందాం. పీసా అనేది ఓఈసీడీ అనే దేశాల కూటమి 2000 నుంచి 15 ఏళ్ల పిల్లలకు పెడుతున్న పరీక్ష. 2018లో అందులో చదవడమే ప్రధానాంశం. ఆ తర్వాత బయటికి విడుదల చేసిన ప్రశ్నల్లో ‘రాపా నూయి’ అనేది ఒకటి. ఈస్టర్ ద్వీపం అని పుస్తకాల్లో చదివే ఉంటారు. పసిఫిక్ సముద్రం మధ్యలో ఉంది. మోవాయి అనే పెద్ద పెద్ద రాతి విగ్రహాలకు పేరుపడింది. అక్కడి జనాన్నీ, వాళ్ల భాషనూ కూడా రాపా నూయి అనే అంటారు. వాళ్లు ఆ నేలకు ఆదివాసులు, మనం ఈ కొండలకు ఎలాగో అలాగే.

ఆ ప్రశ్నలో మూడు రచనలు ఇచ్చారు. ఒకటి, ద్వీపంలో పరిశోధన చేస్తున్న ఒక ప్రొఫెసర్ రాసుకున్న కబుర్లు. రెండోది, జారెడ్ డైమండ్ అనే అమెరికా రచయిత పుస్తకం మీద సమీక్ష. ద్వీపంలో పెద్ద చెట్లన్నిటినీ అక్కడివాళ్లే వ్యవసాయానికి, విగ్రహాలు లాగడానికి నరికేశారని, అందుకే వాళ్ల నాగరికత కూలిపోయిందని ఆయన వాదన. మూడోది, కార్ల్ లైపో, టెర్రీ హంట్ అనే శాస్త్రవేత్తల వాదన గురించిన వార్త. చెట్లు పోవడానికి అసలు కారణం, పడవల్లో వచ్చిన ఎలుకలు గింజల్ని తినేయడమే అని వాళ్లంటారు. పిల్లలు చేయాల్సింది కారణాలను ఒక గడిలో, ఫలితాన్ని ఇంకో గడిలో పెట్టడం. ఎవరు ఏ కారణాన్ని సమర్థిస్తున్నారో జత కలపడం. ఇద్దరూ ఒప్పుకునేది గుర్తించడం. ఇద్దరూ ఒప్పుకునేది ఏమిటంటే, పెద్ద చెట్లు మాయమయ్యాయని.

చక్కటి ప్రశ్నే. ఆలోచన పెట్టిస్తుంది. చివర్లో ‘నీకేమనిపిస్తోంది, ఆధారంతో చెప్పు’ అని కూడా అడుగుతుంది. మన పరీక్షల్లో దొరకని మర్యాద అది. అయినా మేం ఆదివాసీ కళ్లతో చదివితే ఒక ఖాళీ కనబడింది. రచనలు మూడున్నా ఆ ద్వీపవాసి రాసింది ఒక్కటీ లేదు. ఆ మట్టిలో పుట్టిన మనిషి నోరు విప్పలేదు. గొడవంతా చెట్ల చుట్టూ తిరిగి చెట్ల దగ్గరే ఆగింది. మనుషులకు ఏమైందో ఎవరూ అడగలేదు.

ఏమైందో చరిత్రలో ఉంది. 1722లో డచ్చివాళ్లు ఒడ్డుకు దిగిన రోజునే తుపాకులు పేలాయి, ద్వీపవాసులు చనిపోయారు. 1862లో పెరూ నుంచి బానిసల వేటగాళ్లు వచ్చి వందలాది మందిని ఎత్తుకుపోయారు. తిరిగొచ్చిన కొద్దిమందితో మశూచి వచ్చింది. 1877 నాటికి ద్వీపంలో మిగిలింది 111 మంది. 1888లో చిలీ దేశం ఆ నేలను కలిపేసుకుంది. ఆ తర్వాత దీవి మొత్తాన్నీ గొర్రెల మేతకు ఇచ్చేశారు. జనాన్ని హంగా రోవా అనే ఒక్క ఊళ్లో కంచె వెనక ఉంచారు. 1966 వరకు వాళ్లకు పౌరసత్వం కూడా లేదు. వాళ్లు ‘తమంతట తామే కూలిపోయారు’ అనే కథకు 2024లో మరో దెబ్బ తగిలింది. పారిస్ మ్యూజియంలో ఉన్న పూర్వీకుల ఎముకల్లోని జన్యువులను పరీక్షించి, ఓడలు రాకముందు అలాంటి జననష్టం జరిగిన ఆనవాలు లేదని ‘నేచర్’ పత్రికలో ప్రకటించారు.

ఇంకో మాట. విగ్రహాలు నడిచి వెళ్లాయి అని రాపా నూయి పెద్దలు తరతరాలుగా చెబుతూ వచ్చారు. అందరూ నవ్వారు. 2012లో అదే లైపో, హంట్ ఒక విగ్రహం నమూనాను నిలబెట్టి, తాళ్లు కట్టి, అటూ ఇటూ ఊపుతూ కదిపి చూపించారు. నిజంగా నడిచినట్టే కదిలింది! ముసలివాళ్ల మాట సైన్సు కావడానికి బయటివాడు వచ్చి తాడు పట్టుకోవలసి వచ్చింది. ఆ మాట ముందే నాలుగో పేరాగా ఉండి ఉంటే పిల్లలు దాన్ని ఏ గడిలో పెట్టేవాళ్లు? ‘అభిప్రాయం’ అనే గడిలోనా, ‘వాస్తవం’ అనే గడిలోనా?

ఇప్పుడు మన కొండలకు వద్దాం. ‘వాళ్ల అడవిని వాళ్లే నరుక్కుని నాశనమయ్యారు’ అనే మాట మనకు కొత్తది కాదు. పోడు గురించి మనం పుట్టినప్పటి నుంచి వింటున్నదే. ఆ విషయం మీద రెండు పేరాలు ఊహించండి. మొదటి రచయిత పోడు వల్ల అడవి పోతోంది, మట్టి కొట్టుకుపోతోంది అంటాడు. రెండో రచయిత కాస్త దయగలవాడు. పాపం గిరిజనులు అమాయకులు, వాళ్లకు జీడితోటలు చూపించి పోడు మాన్పించాలి అంటాడు. ప్రశ్న: ఇద్దరు రచయితలూ అంగీకరించే విషయం ఏది? జవాబు: పోడు మానాలి. మన సవర పిల్లవాడు బాగా చదువుకున్నవాడైతే ఆ గడిని నల్లగా దిద్దుతాడు. ఒక మార్కు వస్తుంది. ఆ మార్కుతో పాటే తన తాతను దోషి చేసిన కాగితం మీద తన చేత్తోనే గుర్తు పెట్టి వస్తాడు.

చూశారా, మోసం ఎక్కడుందో! మోసం జవాబులో లేదు. ‘ఇద్దరూ ఒప్పుకున్నారు’ అనే మాటలో ఉంది. బయటివాళ్లు ఇద్దరు ఒప్పుకుంటే అది నిజంలా చెలామణీ అవుతుంది. ఇద్దరి మధ్యా తగువు ఉన్నట్టే కనబడుతుంది కాబట్టి పేపరు నిష్పక్షపాతంగా ఉందని అందరూ అనుకుంటారు. కానీ ఆ తగువు మనల్ని ఏం చేయాలి అన్నదాని మీదే. మనం ఏమంటున్నాం అన్నది తగువులోకే రాలేదు.

మూడో పేరా ఉంటే ఏముండేది? పోడు కొట్టినా ఇప్ప, చింత, జీలుగు చెట్లను వదిలేస్తామని ఉండేది. ఒకే చేనులో చోళ్లు, కొర్రలు, సామలు, కందులు కలిపి వేస్తామని, కొన్నేళ్లు వేసి నేలను విడిచిపెడతామని ఉండేది. కొండవాలులో రాళ్లు పేర్చి, గెడ్డనీళ్లు మళ్లించి, మెట్లు మెట్లుగా వరి పండించే పని మాదేనని ఉండేది. 1882 మద్రాసు అటవీ చట్టం వచ్చాక అడవికి హద్దురాళ్లు ఎవరు వేశారో, రైలుపట్టాల కింద దుంగల కోసం దేశమంతా ఎంత అడవి కూలిందో ఉండేది. పోడులో తప్పే లేదనీ ఆ పేరా చెప్పనక్కర్లేదు. నేల విడిచే ఏళ్లు తగ్గిపోయాయి, కొండ బోడి అవుతోంది అని మన పెద్దలే మాట్లాడుకుంటారు. ఆ మాట కూడా రాయాలి. తేడా ఏమిటంటే, అది ఇంటివాళ్ల లెక్క. ఇంటివాళ్లే చెప్పాలి.

కొండ దిగి సముద్రం ఒడ్డుకు వచ్చినా కథ ఇదే. మేం ఉన్న మూలపేట సంతబొమ్మాళి మండలంలో ఉంది. ఒకపక్క ఉప్పుమళ్లు, ఒకపక్క వలలు. 2023 ఏప్రిల్ 19న ఇక్కడ పోర్టుకు శంకుస్థాపన చేశారు. అంతకు చాలా ముందే ఈ తీరం రెండు పేరాల మధ్య రక్తం చూసింది. సోంపేట బీల కాగితాల్లో బంజరు. ఊళ్లవాళ్ల నోట చేపలు, తుంగ, సాగునీరు, పశువుల మేత. 2010 జూలై 14న అక్కడ థర్మల్ ప్లాంటు వద్దన్న జనం మీద పోలీసులు కాల్చారు, ప్రాణాలు పోయాయి. ఢిల్లీలో జాతీయ పర్యావరణ అప్పీళ్ల సంస్థ ఆ ప్లాంటు అనుమతిని రద్దు చేసిందీ అదే రోజు. ఒకే నేల, ఒకే రోజు, రెండు తీర్పులు. ఏడాది తిరక్కుండానే, 2011 ఫిబ్రవరి 28న, ఇదే సంతబొమ్మాళి మండలంలో కాకరాపల్లి తంపర భూముల దగ్గర మళ్లీ కాల్పులు జరిగాయి.

రచయితల దృక్కోణాలను పోల్చడం నేర్పాలంటే ఇంతకంటే మంచి పాఠం ఏ దేశం నుంచి తెచ్చుకోవాలి? ‘బంజరు’ అన్న కాగితం, ‘తడి నేల’ అన్న తీర్పు పక్కపక్కన పెట్టండి. ఎవరు రాశారు? ఏ నెలలో వచ్చి చూశారు? వానాకాలంలోనా, ఎండాకాలంలోనా? పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. ఆ తర్వాత అడగండి. ఢిల్లీ తీర్పు ఇవ్వకముందు, దశాబ్దాలుగా దాన్ని బీల అంటూ వచ్చిన జాలరి మాట ఏ గడిలో పెట్టాలి?

మా మాటకు వచ్చే అభ్యంతరాలు మాకు తెలుసు. మూడింటికి జవాబు చెబుతాం.

మొదటిది: ‘మీ పిల్లలకు రెండో తరగతి వాక్యమే కూడబలుక్కోవడం రాదు, దృక్కోణాల దాకా ఎందుకు?’ వాక్యం ఎందుకు రాదో కూడా చెప్పండి. సవర ముండా కుటుంబపు భాష. సంతాలీకి చుట్టం, తెలుగుకు ఏమీ కాదు. మన పిల్లలకు ఆ మొదటి పేరానే పరభాష. 2003లో సంతాలీ, బోడో భాషలు రాజ్యాంగం 8వ షెడ్యూలులోకి వెళ్లాయి. సవర ఇప్పటికీ బయటే ఉంది. 2024 డిసెంబరు 4న దేశమంతా 3, 6, 9 తరగతులకు పరఖ్ సర్వే పెట్టినప్పుడు మన మూడో తరగతి పిల్లలు తమది కాని భాషలో కూర్చుని గడులు నింపారు. ఇది తెలియని విషయమేమీ కాదు. ఈ జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ, సవర నేర్చుకుని, సవర పిల్లలకు సవరలోనే వాచకాలు రాశాడు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా ప్రతి బడిలో జరుపుతున్నాం. సవరకు చేసిన పనిని ఎన్ని బళ్లలో తలుచుకుంటున్నాం? 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిది ఆదివాసీ భాషల్లో చిన్న తరగతులకు చదువు మొదలుపెట్టారు. దారి ఉంది. నడిచేవాళ్లే పలచబడ్డారు.

పైగా దృక్కోణం అన్నది చదువు వచ్చాక నేర్చుకునే సంగతి కాదు. మా ఊళ్లల్లో తగువు తీర్చేటప్పుడు ఇరుపక్షాలూ మాట్లాడతాయి, సాక్షి మాట్లాడతాడు, ముసలమ్మ అడ్డుపడుతుంది. సవరల్లో చనిపోయినవాళ్లు కూడా పూజారి నోట మాట్లాడతారు. బతికున్నవాళ్లు వాళ్లను నిలదీస్తారు, దెప్పుతారు, ఏడుస్తారు. అన్ని గొంతులు విని పెరిగిన పిల్లలకు రెండు పేరాలు పోల్చడం బరువా? వాళ్లకు బరువైంది ఆ పేరాల భాష. బుద్ధిని తక్కువ చేసి మాట్లాడొద్దు.

రెండోది: ‘పరీక్షలో రాజకీయాలు ఎందుకు? చదవడం వచ్చో రాదో చూస్తే చాలు కదా.’ పేరాను ఎంచడమే రాజకీయం. పోడు గురించి ఫారెస్టు పేరా ఇస్తే అది సామాన్య విజ్ఞానం, సవర తాత పేరా ఇస్తే రాజకీయమా?

మూడోది: ‘స్థానిక సంగతులు పెడితే అందరినీ ఒకే కొలతతో కొలవలేం.’ ఈ మాటకు మాకు నవ్వొస్తుంది. 2009 పీసా విడతలో మన దేశం నుంచి తమిళనాడు, హిమాచల్ ప్రదేశ్ పిల్లలు రాశారు. పట్టికలో అట్టడుగుకు చేరారు. అప్పుడు మన పెద్దలు ఏమన్నారు? ఆ ప్రశ్నలు మన పిల్లల పరిసరాలకు సంబంధం లేనివి అన్నారు. ఆ తర్వాత విడతలకు దేశం దూరంగా ఉండిపోయింది. పారిస్‌తో ఢిల్లీ చెప్పిన మాటే మేం ఢిల్లీకి, అమరావతికి చెబుతున్నాం. వాళ్లు చెబితే సంస్కృతి, మేం చెబితే సాకు ఎలా అవుతుంది? వాళ్లలాగా పరీక్ష మానేస్తామని కూడా మేం అనడం లేదు. రాస్తాం. మా పేరా కూడా పెట్టమంటున్నాం.

ఇంకో సంగతి మన టీచర్లు గట్టిగా పట్టుకోవాలి. మన పెద్దల మాటకు ఈ దేశ చట్టంలోనే చోటుంది. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా అడిగేటప్పుడు చూపించే ఆధారాల్లో, హక్కుదారు కాని ఊరి పెద్దలు చెప్పింది కాగితం మీద రాస్తే అదీ ఒక ఆధారమే. ఆ చట్టం నిబంధనల్లో 13వది చదవండి. కోర్టుకు, కలెక్టరుకు పనికొచ్చే తాత మాట పదో తరగతి ప్రశ్నపత్రానికి పనికిరాదా? రాసిందే రుజువు అని మనకు చెప్పినవాళ్లు, మన మాట రాసిపెట్టే చేతుల్ని బడిలో తయారు చేయవద్దా? నాన్ షెడ్యూల్డ్ గ్రామాల్లో ఉన్న మందస, మెళియాపుట్టి కొండల సవరలకు ఇది మరీ అవసరం. షెడ్యూల్డు ఏరియా రక్షణ లేనిచోట కాగితమే గొడ్డలి, కాగితమే డాలు.

అందుకని మాటలతో ఆగకుండా మనం చేయగలిగినవి చెబుతున్నాం. రేపు బడి తెరిచాక చేయవచ్చు, ఎవరి ఉత్తర్వూ అక్కర్లేదు.

ఒకటి. నమూనా పేపరులో రెండు పేరాలు వస్తే జవాబు గుర్తించాక పుస్తకం మూయొద్దు. ఐదు ప్రశ్నలు అడిగించండి. ఎవరు రాశారు? ఎవరి కోసం రాశారు? ఎక్కడ నిలబడి చూశారు? దీనివల్ల ఎవరికి లాభం? ఇందులో ఎవరి మాట లేదు? ఐదోదాన్ని ఎప్పుడూ వదలొద్దు.

రెండు. పిల్లల చేత మూడో పేరా రాయించండి. ఇంటికి వెళ్లి అమ్మమ్మను, తాతను, వల అల్లే పెద్దాయనను అడిగి, విన్నది విన్నట్టు రాసుకు రమ్మనండి. సవరలో చెబితే తెలుగు లిపిలో సవరలోనే రాయనివ్వండి. ఆ పేరాను కూడా అవే ఐదు ప్రశ్నలు అడగండి. మన తాత చెప్పాడు కాబట్టి ప్రశ్నించొద్దు అంటే మనకూ వాళ్లకూ తేడా ఉండదు.

మూడు. మార్కుల కోసం చిట్కాలు నేర్పడం తగ్గిద్దాం. ‘కానీ అన్న మాట కనబడితే వ్యతిరేకం అని పెట్టెయ్’ అనే చిట్కాతో గడి నిండుతుంది, బుర్ర నిండదు.

నాలుగు. ప్రశ్నపత్రాలు తయారు చేసేవాళ్లను అడుగుదాం. ఆదివాసుల గురించి పేరా ఇస్తే రెండింటిలో ఒకటి ఆదివాసీ రాసిందై ఉండాలి. జవాబుల్లో ‘ఇద్దరి మాటా చాలదు, ఇదిగో కారణం’ అని రాసే చోటు ఒకటి ఉండాలి. చిన్న తరగతుల పరీక్ష ఇంటి భాషలో ఉండాలి. పేపరు తయారుచేసే బల్ల దగ్గర మనవాళ్లు కూర్చోవాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! మీలో డిగ్రీ చదువుతున్నవాళ్లు, డీఎస్సీకి తయారవుతున్నవాళ్లు ఉన్నారు. ఆ పేపర్లలో కూడా పేరాలు వస్తాయి. రాయండి, మార్కులు తెచ్చుకోండి, ఉద్యోగాలు కొట్టండి. గడి నింపే చోట వాళ్లడిగిందే నింపండి, తప్పులేదు. అయితే బయటికి వచ్చాక మీ ఊరి మూడో పేరా ఒకటి రాసి దాచుకోండి. ఇలాంటి చిన్న పుస్తకాలకు పంపండి. కొండ మీదవాళ్లు కొండ గురించి, తీరంలోవాళ్లు తీరం గురించి రాయకపోతే ఆ ఖాళీ ఖాళీగా ఉండదు. ఎవరో వచ్చి నింపుతారు. తర్వాత మీ పిల్లలు ఆ పేరా చదివి, కింద ఇచ్చిన నాలుగు జవాబుల్లో మిమ్మల్ని వెతుక్కోవాల్సి వస్తుంది.